కొత్త కుందేలును తెచ్చాక కొట్లాటలు మొదలయ్యాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మా ఇంట్లో 14 నెలల మగ కుందేలు లడ్డు ఉంది. ఒంటరిగా ఉంటోందని బతుకమ్మ సెలవుల్లో ఇంకోదాన్ని తెచ్చాం. అమ్మినతను ‘ఐదు నెలల ఆడది’ అన్నాడు. పిల్లలు మల్లి అని పేరు పెట్టారు. రెంటినీ మూడడుగుల బోనులో కలిపి పెట్టాం. రెండు రోజులు బాగానే ఉన్నాయి. మూడో రోజు లడ్డు దాని మీదికెక్కడం, వెంటపడి తరమడం మొదలుపెట్టింది. నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే బోను నిండా బొచ్చు, లడ్డు చెవి చీలి ఉంది. విడదీసి పక్కపక్క బోన్లలో పెట్టాం. ఇప్పుడు జాలీలోంచే కరుచుకుంటున్నాయి. లడ్డు ఇల్లంతా ఉచ్చ చల్లుతోంది. అమ్మినతన్ని అడిగితే “ఒక్కటే బోన్ల వెట్టుండ్రి అక్కా, రెండ్రోజులు కొట్టుకుంటయ్, తర్వాత అవ్వే కల్సిపోతయ్” అంటున్నాడు. అలా చేయొచ్చా? చలికాలం పోయేలోపు ఇవి కలుస్తాయా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ మాట మాత్రం వినకండి. ఆరుబయట రెండు కుందేళ్లు తగాదా పడితే ఓడింది పరుగెత్తి పోతుంది, గెలిచింది అక్కడితో ఊరుకుంటుంది. మూడడుగుల బోనులో పరుగెత్తే చోటేది? ఓడింది మూలకు నక్కినా రెండోది కరుస్తూనే ఉంటుంది. కుందేలు చర్మం చాలా పలచన, పళ్లు ఉలిలా ఉంటాయి. పొట్ట, కన్ను, వృషణాలు చీల్చేసుకున్న కుందేళ్లు ఎన్నో ఉన్నాయి. చెవితో పోయినందుకు సంతోషించాలి.

లడ్డు చెడ్డదీ కాదు, మల్లి పొగరుదీ కాదు. 14 నెలలుగా ఆ బోనులోని ప్రతి ఊచకూ, ప్రతి గిన్నెకూ లడ్డు తన గడ్డం రాసి పెట్టుకుంది. గడ్డం కింది గ్రంథి వాసనతో ‘ఇది నాది’ అని గుర్తు వేసుకోవడం కుందేళ్ల పద్ధతి. అలాంటి చోటికి మీరు ముక్కూమొహం తెలియనిదాన్ని తెచ్చి కూర్చోబెట్టారు. దానికి తోడు రెంటికీ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాలేదు, ఒంట్లో హార్మోన్లు పొంగుతున్న వయసు. ఇల్లంతా ఉచ్చ చల్లడం కూడా ఆ హార్మోన్ల పనే. ఈ రెండు కారణాలనూ తీసేస్తే చాలావరకు కుందేళ్లు కలుస్తాయి. తీయకుండా కలపబోతే మళ్లీ రక్తమే.

ముందు గాయం సంగతి. చీలిన చెవి కంటికి కనిపించింది కాబట్టి మీకు తెలిసింది. కనిపించనివి బొచ్చు కింద ఉంటాయి. రెంటినీ ఒక్కొక్కటిగా తువ్వాలు మీద కూర్చోబెట్టుకుని, నడుము, తోక చుట్టూ, తొడల లోపల, పొట్ట కింద బొచ్చును వేళ్లతో పాయలుగా తీసి చూడండి. గాటు కనిపిస్తే అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక చిన్న చెంచా ఉప్పు కలిపి, దూదితో తుడవండి. పసుపు పెట్టి మూసేయకండి. కుందేలు చీము మనకు పట్టే చీములా కారిపోదు, వెన్నముద్దలా గట్టిగా లోపలే నిలిచి గడ్డ కడుతుంది. పైన పసుపు పెచ్చు కట్టి ఉంటే అది వారం దాకా కనబడదు. మెడికల్ షాపులో అమాక్సిసిలిన్ లాంటి మందు అడిగి తాగించడం ఇంకా ప్రమాదం. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు కుందేలు పేగుల్లోని మంచి క్రిములను చంపేస్తాయి. దానితో ప్రాణమే పోవచ్చు. చెవి చీలిక లోతుగా ఉన్నా, వాపు వచ్చినా డాక్టరుకు చూపించండి.

రెండో సంగతి చాలామందికి తట్టదు. మల్లి నిజంగా ఆడదే అయితే, మూడో రోజు లడ్డు మీదికెక్కిందంటే అది ఈపాటికే చూలు కట్టి ఉండొచ్చు. కుందేలుకు ఆవు, మేకల్లా ఎదకొచ్చే రోజులంటూ ప్రత్యేకంగా ఉండవు. మగది దాటిన తర్వాతే, అంటే జతకట్టాకే, సుమారు 10 గంటలకు అండం విడుదలవుతుంది. అందుకే ఒక్కసారి దాటినా చాలు. ఆ తేదీని క్యాలెండర్లో గుర్తు పెట్టి 31 రోజులు లెక్కపెట్టండి. రెండు మూడు రోజులు అటూ ఇటూ కావచ్చు. నోటినిండా గడ్డి పట్టుకుని తిరగడం, ఛాతీ బొచ్చు పీక్కుని గూడు కట్టడం చూస్తే ఈనబోతోందని అర్థం. ఇదే పని 16, 18 రోజులకే చేస్తే అది ఉత్తుత్తి చూలు, కంగారు వద్దు. అది లోపల తిరగగలిగే అట్టపెట్టె ఒకటి, నిండుగా ఎండుగడ్డి వేసి ఉంచండి. లడ్డును మాత్రం దరిదాపులకు రానివ్వకండి. ఈనిన రోజే మళ్లీ కట్టగలదు.

ఇంతకీ అది ఆడదేనా? సంతల్లో, రోడ్డు పక్కన అమ్మేవాళ్లు కొనేవాళ్లకు ఏది కావాలంటే అదే అంటారు. మగపిల్లకు వృషణాలు పది పన్నెండు వారాలకు దిగుతాయి కాబట్టి ఐదు నెలలకు బొచ్చులేని రెండు పొడుగు సంచులుగా కనిపించాలి. భయపడినప్పుడు లోపలికి లాగేసుకుంటుంది కాబట్టి కనబడకపోయినంత మాత్రాన ఆడదని చెప్పలేం. జననాంగం అంచులను మెల్లగా వెనక్కి నొక్కితే మగదానికి గుండ్రటి చుక్కలా, ఆడదానికి నిలువు గీతలా ఉంటుంది. మీకు చేయి తిరగకపోతే డాక్టరు ఒక్క నిమిషంలో చెబుతారు. రెండూ మగవే అని తేలినా నిరాశ వద్దు, పద్ధతి ఇదే. కాకపోతే ఆపరేషన్ అయిన మగ, ఆడ జంట అన్నిటికన్నా తేలిగ్గా కలుస్తుంది.

ఇక ఆపరేషన్. వరంగల్ దగ్గరి మామునూరు పశువైద్య కళాశాలలోనో, మీకు దగ్గరలోని పెంపుడు జంతువుల క్లినిక్కులోనో అడగండి. జగిత్యాల వైపు పాఠకులకు కోరుట్లలోనూ పశువైద్య కళాశాల ఉంది. డాక్టరు ఎవరైనా సరే, ముందే మూడు ప్రశ్నలు వేయండి. కుందేళ్లకు ఇంతకుముందు ఎన్ని ఆపరేషన్లు చేశారు? ముందురోజు రాత్రి నుంచి పస్తు ఉంచాలా? తర్వాత నొప్పికి ఏమిస్తారు? రెండో ప్రశ్నకు ‘పస్తు ఉంచాలి’ అంటే ఇంకో డాక్టరును వెతకండి. కుక్క, పిల్లి వాంతి చేసుకుంటాయని వాటిని పస్తు పెడతారు. కుందేలు వాంతి చేసుకోలేదు. పైగా పొట్ట ఖాళీగా ఉంటే పేగుల కదలిక ఆగిపోతుంది. కాబట్టి ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా గడ్డి తింటూనే ఉండాలి, మెలకువ రాగానే మళ్లీ తినాలి. ఆడదానికి ఇది జంట కోసమే చేయించేదీ కాదు. ఆపరేషన్ లేని ఆడ కుందేళ్లకు వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. మల్లి కట్టి ఉండొచ్చన్న సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, ఎప్పుడు చేయాలో దాన్నిబట్టి ఆయన నిర్ణయిస్తారు.

ఆపరేషన్ అయిన మర్నాడే కలిపేయడం చాలామంది చేసే తప్పు. మగదాని ఒంట్లో ఆపరేషన్ తర్వాత కూడా నాలుగు నుంచి ఆరు వారాల దాకా వీర్యం నిలవ ఉంటుంది. మనం ఆడదాని కుట్లు మానడానికి పది, పద్నాలుగు రోజులు లెక్క వేస్తాం గానీ, హార్మోన్లు చల్లబడటానికి దానికీ ఆ నాలుగారు వారాలే పడుతుంది. రెంటికీ ఆరు వారాలు అనుకోండి. మల్లి కట్టకపోయి ఉండి, డిసెంబర్ మొదట్లో చేయిస్తే జనవరి రెండో సగానికి పని మొదలుపెట్టొచ్చు. ఇది మంచి సమయం. శివరాత్రికి చలి ‘శివ శివా’ అని వెళ్లిపోయాక మన దగ్గర ఎండ ముదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడి చెవుల గుండా పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. అలాంటి రోజుల్లో కొత్త పరిచయాల ఒత్తిడి కూడా పెడితే వడదెబ్బ తగులుతుంది. ఈనడం వల్ల వేసవి దాకా ఆలస్యమైతే పక్కపక్క బోన్లలోనే ఉంచి, వానలు పడ్డాక మొదలుపెట్టండి. ఇంకో మాట, ఇంటిల్లిపాదీ మేడారం జాతరకో, సంక్రాంతికి ఊరికో వెళ్లే వారం ఉంటే దానికి ముందు మొదలుపెట్టి మధ్యలో ఆపకండి. వచ్చాకే మొదలుపెట్టండి.

ఆ ఆరు వారాలూ ఖాళీగా ఉండేవి కావు. అసలు పని అప్పుడే సగం అవుతుంది. బోన్లు రెండూ ఒకే గదిలో ఉండాలి గానీ, మధ్యలో కనీసం మూడు అంగుళాల ఎడం ఉండాలి. ఇప్పుడు జాలీలోంచి కరుచుకుంటున్నాయంటే మీరు ఆనించి పెట్టారన్నమాట. ముక్కు కొస, పెదవి తెగేది అలాగే. మొదటి వారం రోజూ రాత్రి లిట్టర్ ట్రేలు, అంటే అవి ఉచ్చ, పెంటికలు పోసే పళ్లేలు, మార్చండి. లడ్డుది మల్లికి, మల్లిది లడ్డుకు, కడగకుండా అలాగే. రెండో వారం నుంచి రోజు మార్చి రోజు కుందేళ్లనే అటూ ఇటూ మార్చండి, దీని బోనులో అది పడుకోవాలి. కొత్తిమీర, పుదీనా, గరిక లాంటివి రెండు బోన్లలోనూ ఎదురెదురు అంచుల దగ్గర పెట్టండి. ఒకదాని మొహం చూస్తూ ఇంకోటి తినాలి. మొదట్లో అవతలిదాని ట్రేలోకి దూకి ఉచ్చపోస్తాయి, కాళ్లతో తవ్వుతాయి, వెనకకాలితో నేలను దబ్బున కొడతాయి. అలా కొన్ని రోజులు పోయాక ఒకరోజు అవతలిదాని ట్రేలో కూర్చుని హాయిగా గడ్డి నములుతుంది. ఇంకొన్నాళ్లకు ఎదురుగా ఉన్నదానికి వీపు చూపించి, కాళ్లు బారచాపి పడుకుంటుంది. కుందేలు నమ్మకం లేనిచోట వీపు తిప్పదు. అది చూశాకే తర్వాతి మెట్టు.

గడ్డి గురించి ఇక్కడే ఒక మాట. వరిగడ్డి కింద పరవడానికి పనికొస్తుంది గానీ తిండిగా చాలదు, దుమ్ము కూడా ఎక్కువ. గరిక, రోడ్స్ గడ్డి, ముక్కలు చేసిన నేపియర్ గడ్డి పెట్టండి. పత్తి చేన్ల ఒడ్డున మాత్రం కోయకండి, పత్తికి కొట్టిన మందు గట్టు గడ్డి మీదా పడుతుంది.

కలపడానికి రెండూ ఇదివరకు అడుగుపెట్టని చోటు కావాలి. లడ్డు హాలంతా తిరిగి ఉంటుంది కాబట్టి హాలు పనికిరాదు. పక్కింటి వరండా, పైవాటాలో ఖాళీ గది, ఆఖరికి వంటగది అయినా సరే, లడ్డు ఎప్పుడూ రానిదై ఉండాలి. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు చాలు. చుట్టూ మూడడుగుల ఎత్తు జాలీ నిలబెట్టండి. మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది. కుందేలు పాదానికి కుక్కకు ఉన్నట్టు మెత్తటి తిత్తి ఉండదు, అడుగునా బొచ్చే. టైల్స్ మీద, గ్రానైట్ మీద జారుతుంది. జారితే భయపడుతుంది, భయపడితే కరుస్తుంది. ఇంట్లో పాత జంపఖానా ఉంటే పరవండి. వరంగల్ కొత్తవాడలో నేసే నూలు జంపఖానాకు మందం ఉంటుంది, ఒత్తు ఉంటుంది, గోళ్లు పట్టు దొరకబుచ్చుకుంటాయి. గోనెసంచి వద్దు, పోగులు లాగి మింగుతాయి. లోపల రెండు అట్టపెట్టెలు బోర్లించి, ఒక్కోదానికి రెండేసి దారులు కోయండి. ఒకే దారి ఉన్న పెట్టె ఉచ్చులాంటిది. లోపల దూరింది ఇరుక్కుంటుంది, బయటిది కాపలా కాస్తుంది. గడ్డి రెండు మూడు కుప్పలుగా చల్లండి, ఒక్క గిన్నెలో పెడితే ఆ గిన్నె కోసమే గొడవ.

సమయం పొద్దున పది, పదకొండు మధ్య పెట్టుకోండి. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ కుందేళ్లకు హుషారెక్కువ, నడిపొద్దున మత్తుగా ఉంటాయి. మీరు లోపలే కూర్చోండి. చేతికి మందపాటి గ్లవ్స్, పక్కన ఒక చాట. కొట్లాటలో చేయి పెడితే ఎముక దాకా కరుస్తుంది, కోపంతో కాదు, చూసుకోక. చాటనైతే రెంటి మధ్యా దించితే గోడలా అడ్డం పడుతుంది. మొదటి రోజు పది నిమిషాలు మించవద్దు.

ఏది ఓర్చుకోవాలి, ఏది ఆపాలి అన్నది తెలిస్తే భయం సగం తగ్గుతుంది. కాస్త తరమడం, చిటికెడు బొచ్చు ఊడటం, మీదికెక్కడం మామూలే. ఆపరేషన్ అయ్యాక కూడా, ఆడది మగదాని మీదికి సైతం ఎక్కుతుంది. ఎవరు పెద్ద అన్నది తేల్చుకునే పద్ధతి అది. కిందిది కదలకుండా ఉంటే పది పదిహేను సెకన్లు ఉండనిచ్చి, తర్వాత మెల్లగా పక్కకు దింపండి. అయితే తల వైపు నుంచి ఎక్కితే ఒక్క సెకను కూడా ఆగకండి. కిందిదాని నోటికి పైదాని జననాంగం అందుతుంది, కొరికేస్తే తీరని నష్టం. చెవులు మెడకు అతుక్కుపోయి, తోక నిలబడి, ఒళ్లు బిగిసి, గుర్రుమంటూ ముందుకు దూకబోతే చాట దించండి. అన్నిటికన్నా చెడ్డ గుర్తు సుడి తిరగడం. దీని ముక్కు దాని తోక దగ్గర, దాని ముక్కు దీని తోక దగ్గర పెట్టుకుని గుండ్రంగా తిరుగుతాయి. చూడ్డానికి ఆటలా ఉంటుంది. రెండు మూడు సెకన్లలో రెండూ ఒక్క బంతిలా చుట్టుకుపోయి బొచ్చు ఎగురుతుంది. మొదటి చుట్టులోనే విడదీయాలి. అరవడం, చప్పట్లు, నీళ్లు చల్లడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆ బెదురు కూడా ఎదుటిదాని ఖాతాలోనే పడుతుంది.

మంచి గుర్తులు ఇంత సందడిగా ఉండవు, అందుకే జనం గమనించరు. రెండూ ఎవరి గడ్డి అవి తింటూ ఒకదాన్నొకటి పట్టించుకోకపోవడం మొదటిది. ఇది విజయమే, ‘ముద్దులాడుకోవడం లేదే’ అని బెంగపడకండి. తర్వాత ఒకటి వచ్చి ఎదుటిదాని మూతి కిందికి తల వంచి నేలకు ఆనిస్తుంది, ‘నా తల నాకిపెట్టు’ అని అడగడం అది. రెండూ ఒకేసారి తలలు వంచి, ఎవరూ నాకకుండా బిగుసుకు కూర్చుంటే, మీరు రెండు చేతులతో రెంటి నుదుళ్లనూ ఒకేసారి నిమరండి. రెండోది నాకుతోందని అనుకుంటాయి. ఇలా కొన్ని రోజులు చేస్తే ఎప్పుడో ఒకటి నాలుక చాపుతుంది.

ప్రతిసారీ ప్రశాంతంగా ఉన్నప్పుడే ముగించండి, గొడవతో ముగించవద్దు. పది నిమిషాలు బాగా గడిస్తే మర్నాడు పదిహేను, ఆపై అరగంట, గంట, పూట. గంటలు పెరిగాక స్థలం కూడా కొంచెం కొంచెం పెంచండి. గాయమయ్యే కొట్లాట జరిగితే వారం పాటు మళ్లీ ట్రేలు మార్చుకునే మెట్టుకు దిగి, వేరే చోట మొదలుపెట్టండి. కొన్ని జంటలు వారంలో కలుస్తాయి, కొన్నింటికి రెండు మూడు నెలలు పడుతుంది. స్కూటీ మీదో కారులోనో తిప్పితే భయంతో దగ్గరవుతాయని ఎవరైనా చెబితే చేయకండి. భయంతో అతుక్కుని కూర్చున్నవి ఇంటికి రాగానే మళ్లీ కొట్టుకుంటాయి. వాసన పోవాలని స్నానం చేయించడమూ అంతే, తడిసిన కుందేలు చలికి, భయానికి కుప్పకూలుతుంది.

ఈ రోజులన్నిటా రోజూ రాత్రి పెంటికలు చూడండి. శనగగింజంత, గుండ్రంగా, నిండుగా పడుతుంటే బాగున్నట్టు. మిరియాలంత చిన్నవైతే ఒత్తిడి ఎక్కువైందని, సమయం తగ్గించమని అర్థం. పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు పడకపోయినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగితే ఆలస్యమవుతుంది.

48 గంటలు, అంటే రెండు పగళ్లు రెండు రాత్రులు, అదే కొత్త చోట మీ కళ్ల ముందు కలిసి తిని, ఒకే ట్రే వాడి, ఒళ్లు ఆనించి పడుకుంటే అవి జంట అయినట్టు. అప్పుడు ఇంట్లోకి తేవచ్చు, కానీ లడ్డు పాత బోనులోకి వద్దు. రెంటికీ పదడుగులు ఇంటూ ఆరడుగుల చోటు ఇవ్వగలిగితే బాగుంటుంది. ఆ నేలను, వాడే సామాన్లను తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడవండి. ఫినాయిల్ వద్దు. సామాన్ల స్థానాలు మార్చండి. నీళ్ల గిన్నెలు రెండు, ట్రేలు రెండు పెట్టండి.

ఇక మీదట రెంటినీ వేరు చేయకండి. ఒకదానికి జ్వరమొచ్చి క్లినిక్కుకు తీసుకెళ్లాల్సి వస్తే ఆరోగ్యంగా ఉన్నదాన్ని కూడా అదే బుట్టలో పక్కన కూర్చోబెట్టండి. ఒక్కటే వెళ్లి మందుల వాసనతో తిరిగొస్తే, ఇంట్లో ఉన్నది దాన్ని కొత్తదని అనుకుని మళ్లీ మొదటి రోజు లాగే మీదపడుతుంది.